పాకం చూసేది కాదు, వినేది

సంక్రాంతి దగ్గర పడిందంటే నాకు ముందు గుర్తొచ్చేది ముగ్గులు కాదు, భోగిమంట కాదు, మా అవ్వ వంటింట్లో ఇత్తడి తట్ట మీద బెల్లంపాకం ఉండ పడిన చప్పుడు. టంగ్ మని. (మా వైపు అన్నం తినే పళ్ళేన్ని తట్ట అంటాం, కోస్తా వాళ్ళు గంప అనుకునేరు.) ఆ చప్పుడు వచ్చిందంటే పిల్లలమంతా వసారాలోంచి లేచి పొయ్యి దగ్గరికి ఉరికేవాళ్ళం, ఎందుకంటే ఇంకో పది నిమిషాల్లో ఉంటలు అయిపోతాయని అర్థం.

మేము ఉంటలు అంటాం. వేరుశనగ ఉండలు, అచ్చు, పప్పుచెక్క, పల్లీపట్టి, చిక్కీ, ఊరు మారితే పేరు మారుతుంది, ఆకారం కూడా కొంచెం మారుతుంది. మా అవ్వ చేతులు కాలినంత వరకు ఉంటలు చుట్టేది, పాకం గట్టిపడి ఇంక చుట్టడానికి రాకపోతే మిగిలింది నెయ్యి రాసిన పీట మీద వేసి చెంబుతో అదిమి చాకుతో గాట్లు పెట్టేది. అంటే మా ఇంట్లో ఒక్క పాకంలోనే ఉంటలూ చెక్కలూ రెండూ. పెద్దవాళ్ళకి ఉంటలు, పిల్లలకి చెక్కలు ఇష్టం, విరిస్తే వచ్చే ఆ చప్పుడు కోసం.

మాది కదిరి దగ్గర పల్లె. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అటు పోయింది, కానీ ఎవరైనా అడిగితే నా నోట్లోంచి ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే వస్తుంది. ఎర్రనేలలు, వాన మీద ఆధారపడిన చేన్లు, చెనక్కాయ (వేరుశనగే, మా వైపు మాట) తప్ప ఇంకో పంట మాట పెద్దగా వినపడేది కాదు. జూన్ జూలైల్లో వాన పడితే విత్తనం వేసేది, అక్టోబర్ నవంబర్లలో చెట్లు పీకేది. నా చిన్నప్పుడు అంతా టీఎంవీ-2 రకమే, తిండివనం పరిశోధనా కేంద్రం వాళ్ళు 1940లో ఇచ్చిన రకం అది, మా తాత దాన్ని పేరుతో కూడా పిలిచేవాడు కాదు, ఉత్త చెనక్కాయ అంటే అదే. మా కదిరి కేంద్రం వాళ్ళ కదిరి-6 చేలల్లోకి రావడం 2005 తర్వాత మాట. ఆ పాత గింజ చిన్నది, కానీ వేయిస్తే ఇల్లంతా వాసన కొట్టేది.

కాయ చేలోంచి వచ్చి, ఎండి, గోతాల్లోకి ఎక్కేసరికి సంక్రాంతి వచ్చేది. అందుకే ఉంటలు సంక్రాంతికే. ఎవరో శాస్త్రం చెప్పినందుకు కాదు, కొత్త కాయ ఇంట్లో ఉండేది అప్పుడు, కొత్త బెల్లం హిందూపురం మార్కెట్‌కి వచ్చేది అప్పుడు. రెండూ ఒక్క నెలలో ఇంట్లోకి వస్తే ఏ అవ్వ మాత్రం ఊరుకుంటుంది చెప్పండి.

వాన సరిగ్గా పడని ఏడాది కూడా చేసేది. అట్లాంటి ఏళ్ళు మాకు చాలానే ఉన్నాయి. చెట్టు పీకితే మూడు నాలుగు కాయలు, అవీ సగం తాలు. విత్తనం దాచుకోవడానికే చాలని ఏడాది కూడా అవ్వ నాలుగు గుప్పెళ్ళు పక్కకి తీసి ఒక గుడ్డలో మూట కట్టి దూలానికి తగిలించేది, అది ఎవ్వరూ ముట్టుకోకూడదు, అది పండగది. ఆ ఏడాది ఉంటలు గోలీకాయలంత ఉండేవి, మనిషికి రెండు. నాకు అవి కూడా గుర్తున్నాయి, ఇంకా చెప్పాలంటే అవే ఎక్కువ గుర్తున్నాయి.

పని మొదలయ్యేది పండగకి వారం ముందు. అవ్వ గోతాం మూతి విప్పి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకొని ఊపేది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. మొద్దుగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టు, మళ్ళీ మిద్దె మీద ఎండకి పోయాలి. సాయంత్రాలు అందరం చుట్టూ కూర్చొని కాయలు ఒలిచేవాళ్ళం, కాయ ముక్కు మీద బొటనవేలితో నొక్కితే టప్ మని విడుతుంది, వంద కాయలు దాటేసరికి వేలి కొన మండేది. ఒలిచిన గింజల్లో నిండుగా ఉన్నవి అవ్వ ముందే ఏరి విత్తనానికి పెట్టేది, వాటి మీద మాకు హక్కు లేదు. నడి గింజలు ఉంటలకి. నల్లబడినవి, బూజు పట్టినవి, ముడతలు పడినవి ఒక్కటి కూడా పోనిచ్చేది కాదు, ఒక్క చేదు గింజ నోట్లో పడితే ఉంట మొత్తం ఊసేస్తారు అనేది. ఆ బూజు ఒట్టి చేదు మాత్రమే కాదని, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చని, అది లివర్‌కి చెడ్డదని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నా. అవ్వకి ఆ పేరు తెలీదు, ఏరి పారేయాలని తెలుసు.

వేయించేది ఇనుప బాణలిలో ఇసుక పోసి. ఏటి ఇసుక, జల్లించి కడిగి ఎండబెట్టింది, ఏడాదంతా ఒక కుండలో దాచి ఉంచేది దానికోసమే. ఇసుక కాగినాక గింజలు పోసి తిప్పుతుంటే వేడి గింజ చుట్టూ సమంగా తగులుతుంది, ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉండటం అనేది ఉండదు. సెగ మాత్రం సన్నగానే, కట్టెలు వెనక్కి లాగి. మొదట ఏ చప్పుడూ ఉండదు, కాసేపటికి ఒకటి రెండు చిటుక్కుమంటాయి, తర్వాత వరసగా చిటపట, ఆ చిటపట తగ్గుముఖం పట్టేలోపే దించి జల్లెడలో పోసేది. దించినాక కూడా గింజ లోపల ఉడుకుతూనే ఉంటుంది కదా, పొయ్యి మీదే పూర్తిగా ఎర్రబడనిస్తే చల్లారేసరికి మాడు వాసన వస్తుంది. నేను మొదటిసారి సొంతంగా చేసినప్పుడు సరిగ్గా అదే జరిగింది.

తర్వాత గోనెపట్టాలో వేసి చేతులతో నలిపితే పొట్టు ఊడుతుంది. చాటలో పోసి వాకిట్లో నిలబడి అవ్వ చెరిగేది. ఎర్ర పొట్టు గాలికి లేచి ఆమె తెల్ల వెంట్రుకల మీద, పైట మీద వాలేది. మాకు ఎంత ప్రయత్నించినా గింజలు కూడా ఎగిరి కింద పడేవి, ఆమె చాటలో ఒక్క బద్ద కూడా జారేది కాదు.

ఇంక పాకం. నేను అసలు రాద్దామనుకున్నది దీని గురించే.

బెల్లం ముదురు రంగుది తేవాలి. తెల్లగా మెరిసే బెల్లం చూసి మా నాయన ఒకసారి మురిసిపోయి తెస్తే అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకొని, ఇది పండక్కి కాదు, గోడకి వేసే సున్నానికి బాగుంటుంది అని పక్కన పెట్టేసింది. బెల్లం దంచి, కొంచెం నీళ్ళు పోసి కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టాలి, అడుగున ఎంత ఇసుక, ఎంత చెరుకు పిప్పి మిగులుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వడకట్టిన నీళ్ళు మళ్ళీ బాణలిలో. మొదట పెద్ద పెద్ద నురగ పొంగుతుంది, అది నీళ్ళు పోతున్న నురగ, అప్పుడు తొందరపడి లాభం లేదు. తర్వాత నురగ చిన్నదై, చిక్కనై, బుడగలు నెమ్మదిగా పగులుతాయి, రంగు దిగుతుంది, వాసన మారుతుంది. అప్పుడు గరిటె కొసతో ఒక బొట్టు తీసి చెంబులో చన్నీళ్ళలో వేసేది అవ్వ.

మొదటి బొట్టు నీళ్ళలో కరిగిపోతుంది. కాసేపాగి వేస్తే అడుగున చేరి వేలికి మెత్తగా ఉండ కడుతుంది, అరిసెలకైతే ఆ పాకం చాలు, అక్కడే దించేస్తారు. ఉంటలకి ఇంకా పోవాలి. ఇంకాసేపటికి గట్టి ఉండ వస్తుంది, నొక్కితే నొక్కుకుంటుంది, అది కూడా చాలదు. ఆ తర్వాత ఒక బొట్టు నీళ్ళలో పడంగానే గాజులాగా బిగుసుకుంటుంది, దాన్ని తీసి తట్టకేసి కొడితే టంగ్ మనాలి. మెత్తగా టప్ మంటే ఇంకా లేదు. ఆ టప్‌కి టంగ్‌కి మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలే, ఆ రెండు నిమిషాలు దాటితే పాకం మాడి చేదు. ఇప్పుడు థర్మామీటర్ పెట్టుకొని చేసేవాళ్ళ లెక్కలో చెప్పాలంటే మెత్తటి ఉండ కట్టే పాకానికీ, ఇట్లా పలికే పాకానికీ మధ్య ముప్పై డిగ్రీల పైనే తేడా, గట్టిగా విరగాలంటే 150 డిగ్రీల దాకా పోవాలంటారు. అవ్వకి డిగ్రీలు లేవు. "పాకం చూసేది కాదు పాపా, ఇనేది" అనేది. ఆ టైంలో వంటింట్లో ఎవరూ మాట్లాడకూడదు. "సద్దు చేయాకండి" అని ఒక్క మాట అంటే తాత కూడా దగ్గు ఆపుకునేవాడు.

టంగ్ మన్న మరుక్షణం బాణలి దించి, చెంచాడు నెయ్యి, యాలకుల పొడి, గింజలు. గింజలు అప్పటికి పొయ్యి పక్కన వెచ్చగా ఉండాలి, ఇది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా, చల్లటి గింజలు వేస్తే పాకం అక్కడికక్కడే బిగుసుకొని కలపడానికి రాదు. ఇప్పుడు చాలామంది చిటికెడు వంటసోడా వేస్తున్నారు, బుడగలు వచ్చి చెక్క గుల్లగా విరుగుతుందని, నిజమే విరుగుతుంది, కానీ నాకు ఆ రుచి పడదు. చేతులకి బియ్యప్పిండి అద్దుకొని అవ్వ చుట్టడం మొదలుపెడితే చూడాలి, మేము వేలు పెడితే చురుక్కుమనే పాకాన్ని ఆమె అరచేతుల్లో గిరగిర తిప్పేసేది, ఒక్కో ఉంట చాటలో పడుతుంటే టక్, టక్, టక్.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, ఆ ఏడాది అంతా మామూలుగానే జరుగుతోంది. పిన్నమ్మ గౌరీబిదనూరు నుంచి ఎళ్ళు బెల్ల డబ్బా తెచ్చింది, వాళ్ళది కర్ణాటక పద్ధతి, నువ్వులు, వేయించిన చెనక్కాయ పప్పు, ఎండు కొబ్బరి, బెల్లం ముక్కలు అన్నీ కలిపి పంచుతారు. మేము అది నములుతూ పొయ్యి చుట్టూ కూర్చున్నాం. అవ్వ బొట్టు తీసి తట్టకేసి కొట్టింది. టంగ్ మంది. అందరికీ వినపడింది. అవ్వ కదల్లేదు. ఇంకో బొట్టు తీసింది, కొట్టింది, ఇంకా గట్టిగా టంగ్ మంది. తల కొంచెం వంచి తట్ట వైపు చూసి మళ్ళీ గరిటె పాకంలో పెట్టింది. మేము మాట్లాడకూడదు కదా, ఎవరం మాట్లాడలేదు. పాకం నల్లబడుతోంది, వాసన మారిపోయింది, అప్పుడు అమ్మ "అత్తా, అయిపోయింది, దించు" అని గట్టిగా అంది. అవ్వ తలెత్తి అమ్మ మొహం చూసింది, తర్వాత మా అందరి మొహాలూ చూసింది.

అట్లా తెలిసింది మాకు అవ్వకి వినపడటం లేదని. ఎప్పటి నుంచో తగ్గుతూ ఉండాలి, మనుషుల మాటలు పెదాలు చూసి సర్దుకుంటూ వచ్చింది. పాకానికి పెదాలు లేవు.

ఆ బాణలెడు చేదు పాకం పెరట్లో పారబోశారు. అవ్వ ఏమీ అనలేదు, మధ్యాహ్నం అన్నం తినకుండా పడుకుంది. సాయంత్రం లేచి మళ్ళీ బెల్లం దంచడం మొదలుపెట్టి నన్ను పిలిచింది. నేనే ఎందుకంటే ఇంట్లో ఎక్కువసేపు ఆమె వెనకాల తిరిగేది నేనే. పొయ్యికి ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టి, తట్ట నా ఒళ్ళో పెట్టి, "నువ్వు ఇను, వచ్చినాక నా చెయ్యి పట్టుకో" అంది. బొట్టు నీళ్ళలోంచి తీసి నా చేతికి ఇస్తుంది, నేను కొడతా, ఆమె నా మొహం చూస్తుంది. మూడోసారికో నాలుగోసారికో టంగ్ మంది, నేను ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నా. ఆ చేతికి పట్టిన చెమట, పొగ, బెల్లం జిగురు, ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే కూడా నా వేళ్ళకి తెలుస్తోంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ప్రతి సంక్రాంతికీ నేనే విన్నా. చాలా గర్వంగా ఉండేది, ఇంట్లో ఎవ్వరికీ లేని ఉద్యోగం.

ఒక్కసారి తప్పు చేశా, అది కూడా చెప్పాలి. ఏడో తరగతిలో. భోగి ముందు రోజు సాయంత్రం, బయట స్నేహితురాళ్ళు రంగులు కలుపుకొని నాకోసం ఎదురుచూస్తున్నారు, తెల్లారేసరికి వీధి మొత్తం ముగ్గు వేయాలని మా పట్టుదల. పాకం ఎంతకీ రావడం లేదు. టప్ మంది. మళ్ళీ టప్ మంది. వాళ్ళు కిటికీలోంచి పిలుస్తున్నారు. మూడోసారి కూడా టప్ మనే అంది, నేను అవ్వ చెయ్యి పట్టుకున్నా.

ఆమె వెంటనే దించి గింజలు పోసింది, నన్ను నమ్మి. ఉంటలు చుట్టేటప్పుడే ఆమెకి తెలిసిపోయి ఉంటుంది, ఆ చేతులకి తెలీకుండా ఎట్లా ఉంటుంది, అయినా చివరి దాకా చుట్టింది. పొద్దున్నే డబ్బా మూత తీస్తే ఉంటలన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఒకే ముద్ద. పండగ రోజు ఇంటికొచ్చిన వాళ్ళకి రోకలి బండతో కొట్టి ముక్కలు ఇవ్వాల్సి వచ్చింది, నోట్లో వేసుకుంటే పళ్ళకి పట్టుకొని వదలదు. అవ్వ ఎవ్వరికీ నా పేరు చెప్పలేదు. బెల్లం బాలేదు ఈసారి అని చెప్పింది వచ్చినవాళ్ళకి. మూడో రోజు కనుమ నాడు ఆవులకి కొమ్ములు కడుగుతూ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది, "ఇనపడలేదా, ఇన్లేదా?" అని.

ఇన్లేదు అన్నా. సరే అంది, అంతే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, తర్వాతి ఏడాది తట్ట మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టింది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా అవ్వ పోయింది. ఇప్పుడు విశాఖలో ఉంటున్నా, పెళ్ళయ్యాక పదిహేనేళ్ళ నుంచి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఉంటలు చేస్తే రెండో రోజుకే జిగురు కారేవి, నా చెయ్యి పోయిందని ఏడ్చినంత పనైంది. తర్వాత అర్థమైంది, తేడా గాలిలో ఉందని. మా అనంతపురంలో జనవరి గాలి పొడిగా ఉంటుంది, ఉంటలు మూత లేని చాటలో పెట్టినా పెళపెళలాడేవి. ఇక్కడ సముద్రం పక్కన గాలి నిండా తడి, బెల్లానికి ఆ తడి లాక్కునే గుణం ఉంది. అందుకే ఇక్కడ పాకం ఇంకో అర నిమిషం ముందుకి తీసుకుపోతా, చల్లారిన వెంటనే గాలి పోని స్టీలు డబ్బాలో పెడతా, ఒక్కో వరసకి మధ్య నూనె కాగితం. అరకిలో గింజలకి నాలుగు వందల గ్రాముల బెల్లం నా లెక్క. బెల్లం అనకాపల్లిది, దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి పక్కనే ఉండగా ఇంకెక్కడికి పోతాం, కాకపోతే షాపులో తెల్లది చూపిస్తే వద్దని వెనకాల ఉన్న నల్లది అడిగి తెచ్చుకోవాలి.

తమిళనాడులో కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి 2020లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నిజంగా సంతోషమేసింది, వాళ్ళూ బెల్లంతోనే చేస్తారు, ఆ పనికి ఆ గౌరవం రావాల్సిందే. అదే రోజు రాత్రి మా జిల్లా గుర్తొచ్చి కొంచెం బాధ కూడా వేసింది. అంత కాయ పండించిన నేల మాది, ప్రతి ఇంట్లోనూ ఒక అవ్వ, ప్రతి అవ్వకీ ఒక చెయ్యి, అవన్నీ ఎవరింట్లో వాళ్ళకే తెలిసి అట్లాగే వెళ్ళిపోయాయి.

పాకం పెట్టినప్పుడు మా ఇంట్లో టీవీ ఆపేస్తారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేస్తా, ఫోన్ పక్క గదిలో. ఇత్తడి తట్ట అవ్వదే, అంచు ఒక చోట సొట్ట పడింది, ఆ సొట్ట దగ్గర కొడితే సరిగ్గా పలకదు, మధ్యలో కొట్టాలి. అయిపోయాక బాణలికి అంటుకున్న పాకం గీకి పారేయొద్దు. అందులోనే రెండు గ్లాసుల నీళ్ళు పోసి, దంచిన శొంఠి ముక్క వేసి మళ్ళీ పొయ్యి మీద పెడితే అంటుకున్నదంతా దానంతట అదే కరుగుతుంది, బాణలి శుభ్రమవుతుంది, వడకట్టి కాసిని పాలు కలిపితే తాగడానికి అంత బాగుంటుంది. ఉంటలు చుట్టి చేతులు మండుతున్నప్పుడు అవ్వ మా అందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చి, తను చివర్లో బాణలి వంచుకొని అడుగున మిగిలింది తాగేది.

ఈ ఏడాది కాయలు మా అన్న ఊరి నుంచి బస్సులో వేసి పంపాడు, అర గోతాం. నిన్న రాత్రి వచ్చింది. మూతి విప్పి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకొని ఊపా. ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. పొద్దున మేడ మీద ఆరబోసి వచ్చా, రెండు రోజులు గట్టిగా ఎండ కాస్తే చాలు.